కూత ఉడుత తాయ్‌చీ చదువు

ఒక పెద్ద అడవిలో, ఎండలు ముదిరేసరికి మిగిలేది ఒకే ఒక్క మడుగు. ఆ మడుగులో ఒకే ఒక్క మొసలి. ఆ మొసలి కన్ను నీటి మీద తేలగానే చూసి కూత పెట్టడానికి ఒడ్డున ఒకే ఒక్క ఉద్యోగి. ఆవిడ ఉడుత. పేరు చారుమతి.

ఉద్యోగం చిన్నదే. హోదా లేదు, వెనకాల గొడుగు పట్టేవాళ్ళు లేరు. కానీ క్వార్టర్స్ ఉంది. మడుగు మీదికి వంగిన తెల్లమద్ది చెట్టు, దాని నడిమి కొమ్మకి ఒక తొర్ర, తొర్రలో పీచు పరిచిన పడక, పడకలో ఇంకా కళ్ళు తెరవని పిల్లలు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళే చెట్టు. ఉద్యోగం పోతే పిల్లల్ని నోట కరుచుకుని కొమ్మలు వెతుక్కోవాల్సిందే. అది అడవి సభ పెట్టిన నిబంధన.

చారుమతి పని దొంగ కాదు. వచ్చిన చిక్కల్లా అదే. మొసలి కదిలితే అరిచేది. మొసలిలా కనిపించే దుంగ కదిలినా అరిచేది. ఆకు రాలితే అరిచి, తీరా అది ఆకేనని తేలాక, చెప్పాపెట్టకుండా రాలినందుకు దాని మీద ఇంకోసారి అరిచేది.

మడుగు పక్కనే పెద్ద బండ. దాని నీడలో అడవి సభ కొలువు తీరేది. సభకి అధ్యక్షులు ఎలుగుబంటి రోమేశ్వరరావు గారు. సభ అంటే ఆయన ఉద్దేశంలో, భోజనాలయ్యాక పెద్దలంతా ఒకచోట చేరి, కళ్ళు మూసుకుని, అడవి బాగు గురించి ఆలోచించడం. ఆ ఆలోచన సరిగ్గా గురకలోకి దిగే వేళకి పైనుంచి చారుమతి కూత. పెద్దలంతా ఉలిక్కిపడి లేచేవారు. అడవి బాగు మళ్ళీ మొదటికొచ్చేది.

అధ్యక్షులవారికి ఒక బావమరిది కూడా ఉన్నాడు. కుంభేశం. బావమరిది అంటే ఏ అడవిలోనైనా అర్థం ఒకటే. ఉద్యోగం లేనివాడు, ఉద్యోగం కావలసినవాడు, ఉద్యోగం ఇప్పించకపోతే ఇంట్లో తేనెపట్టు అటకెక్కడానికి కారణమయ్యేవాడు. కుంభేశం మంచివాడే, ఎవరి జోలికీ పోడు. పోవాలంటే లేవాలి కదా.

ఆ రోజుల్లోనే మడుగుకి ఒక కొంగ వచ్చింది. ధవళ టీచరు. ఎక్కడో పెద్ద సరస్సు దగ్గర, మంచుకొండలు దాటి వచ్చే వలస బాతుల పక్కన చలికాలమంతా నిలబడి తాయ్‌చీ అనే విద్య నేర్చుకుందట. నీళ్ళలో నాచు ఊగినట్టు కాళ్ళూ చేతులూ నెమ్మదిగా కదపాలి. ఊపిరి నెమ్మదిగా తీయాలి. మనసు కూడా వాటితో కలిసి నడవాలి, ముందు పరిగెత్తకూడదు. చైనా దేశంలో పెద్దవాళ్ళు తెల్లారగానే తోటల్లో చేరి చేస్తారని చెప్పింది. కొంగ ఒంటికాలి మీద నిలబడితే తరతరాలుగా దొంగజపమని వెక్కిరించిన అడవి, దానికి ఒక విదేశీ పేరు ఉందని తెలియగానే చేతులు కట్టుకుని విన్నది.

అందరికంటే శ్రద్ధగా విన్నది రోమేశ్వరరావు గారు. ఆయనకి ఆలోచన రావడమే అరుదు. వచ్చిందంటే మాత్రం ఒకే దెబ్బకి రెండు పిట్టలు. (అడవిలో ఈ సామెత పైకి అనకూడదు, పిట్టలు నొచ్చుకుంటాయి.) మర్నాడు చారుమతిని పిలిపించారు.

"అమ్మాయ్, నీ అరుపులు నీ ఆరోగ్యానికి మంచివి కావు," అన్నారు, ఎంతో బాధపడుతూ. "నీకు కావలసింది నిబ్బరం. టీచరమ్మ దగ్గర చేరు. తొలకరి పడేలోగా పరీక్ష పెడదాం."

"పరీక్ష ఎందుకండీ అయ్యగారూ? నేను చేసేది కూత ఉద్యోగం."

"నిబ్బరం లేని కూత కూతే కాదు," అన్నారాయన. పక్కనున్న పెద్దలు కళ్ళు తెరవకుండానే తలలూపారు.

సభ ఆజ్ఞ ఆ సాయంత్రమే చాటించారు. అందరికంటే నిదానంగా చేసినవారికే రేవు కూత ఉద్యోగం. పరీక్షలో చప్పుడు చేసినవారూ తొందరపడినవారూ అనర్హులు. పరీక్షకి ఏ జంతువైనా రావచ్చు. తీర్పుకి తిరుగులేదు.

ఈ చివరి రెండు ముక్కలూ అధ్యక్షులవారు స్వయంగా చేర్పించారు. ఏ జంతువైనా రావచ్చు అన్నది న్యాయంగా కనబడటానికి. తిరుగులేదు అన్నది, రేపు కుంభేశానికి ఉద్యోగం వచ్చాక ఎవరూ నోరెత్తకుండా ఉండటానికి. నిదానంలో కుంభేశాన్ని కొట్టేవాడు ఆ అడవిలో ఇంకా పుట్టలేదు. పుట్టినప్పుడు కూడా కుంభేశం నెలలు దాటాక తీరిగ్గా పుట్టాడని వాళ్ళమ్మే చెబుతుంది.

తెల్లవారగానే క్లాసులు మొదలయ్యాయి. మడుగు అంచున, పాదాలు మునిగేంత నీళ్ళలో. నీళ్ళలోనే ఎందుకని కోతి అడిగితే, చల్లదనానికి అంది టీచరు. ఫీజు మాత్రం వద్దంది. అంతమంది కదలకుండా నిలబడితే చేపలు ధైర్యం చేసి కాళ్ళ సందుల్లోకి వచ్చేవి. గురుదక్షిణ తనంతట తానే నడిచి వచ్చే బడి అది.

మొదటి రోజు చారుమతికి ఏడుపొక్కటే తక్కువ. చెయ్యి ఎత్తమంటే ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తి, పక్కవాళ్ళు సగంలో ఉండగానే ముగించి, తర్వాతేంటి అన్నట్టు చూసేది. ఊపిరి తీయమంటే నాలుగు ఊపిర్లు తీసేది. చేతులు ఎలాగో దారికొచ్చాయనుకుంటే తోక వినేది కాదు. ఒళ్ళంతా నెమ్మదిగా కదులుతుంటే వెనక తోక ఒక్కటి, నాకూ ఈ క్లాసుకీ సంబంధం లేదన్నట్టు టపటపలాడేది. కుందేళ్ళు నోటికి చెవులు అడ్డం పెట్టుకుని నవ్వాయి.

"తోక సంగతి వదిలెయ్యి పిల్లా," అంది ధవళ టీచరు. "పాదం చూసుకో. బరువంతా ఒక కాలి మీదనుంచి రెండో కాలి మీదికి, ఈ కుండలోంచి ఆ కుండలోకి నీళ్ళు వంపినట్టు వంపు. తొణక్కూడదు."

చారుమతి వంపింది. తొణికింది. నీళ్ళలో పడింది.

అదే సమయంలో కుంభేశం ఒడ్డున ఒక కాలు ముందుకు పెట్టి నిలబడ్డాడు. క్లాసు అయిపోయేదాకా ఆ కాలు అక్కడే ఉంది. "చూశారా, నిండుకుండ తొణకదు," అని అధ్యక్షులవారు మురిసిపోయారు. దగ్గరికెళ్ళి చూస్తే కుండ గురక పెడుతోంది. అది లోతైన ఊపిరి అని ఆయన సర్దిచెప్పారు.

ఇక ఆ విద్యలో భంగిమల పేర్లు. అక్కడ పెద్ద రభస అయింది. ఒకదాని పేరు పిచ్చుక తోక పట్టుకోవడం. పిచ్చుకలన్నీ గుంపుగా సభకి వచ్చి, ఎవరి తోక, ఎవరి అనుమతితో, ఎంతసేపు పట్టుకుంటారో తేల్చమన్నాయి. సభ ఒక ఉపసంఘం వేసి, పిచ్చుక బదులు తాత్కాలికంగా ఆకు అనమంది. ఇంకోదాని పేరు కోతిని వెనక్కి నెట్టడం. కోతులకి మొదట అందులో తప్పేమీ కనబడలేదు. పిచ్చుకలు ధర్నా చేశాయని తెలిశాక కనబడింది. పులిని ఎత్తుకుని కొండకి చేర్చడం అనే భంగిమ దగ్గర మాత్రం ఉపసంఘం ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని, పులిగారికి తెలియకుండా కానివ్వండి అని లేచిపోయింది.

ఈ గొడవ సద్దుమణిగిన మర్నాడు పొద్దున్న క్లాసుకి కొత్త విద్యార్థి వచ్చాడు. నీళ్ళలోంచే వచ్చాడు. వీపు మీద నాచు, ముఖాన వినయం.

"నమస్కారం టీచరుగారూ. నా పేరు గంభీరయ్య. కాస్త మోకాళ్ళ నొప్పులు. నేర్చుకుందామని."

చారుమతి గొంతు చించుకుని అరిచింది. ఆవిడ ఉద్యోగమే అది. అందరూ ఒడ్డుకి దూకారు. కుంభేశం మాత్రం లోతైన ఊపిరిలో ఉన్నాడు.

మొసలి కదల్లేదు. ఏ జంతువైనా రావచ్చని సభవారు చాటించారు కదా, తాను జంతువు కాదంటే చెప్పండి, వెళ్ళిపోతాను, అన్నాడు. అధ్యక్షులవారు పెద్దల వంక చూశారు. పెద్దలు కళ్ళు మూసుకున్నారు. మొసలితో నువ్వు వద్దు అని చెప్పాలంటే ఎవరో ఒకరు దగ్గరికి వెళ్ళి చెప్పాలి. కాబట్టి చేర్చుకున్నారు.

"టీచరుగారూ, అది మొసలి," అంది చారుమతి.

"మొసలే. ఆ చివర నిలబడ్డాడు. క్లాసులో చప్పుడు చేయకూడదు. నీ పాదం చూసుకో."

గంభీరయ్య చారుమతి వంక ఎంతో ఆప్యాయంగా చూశాడు. "కంగారు పడకు చెల్లెమ్మా. క్లాసు వేళ నేను ఏమీ ముట్టను. మాటంటే మాటే. చదువు చదువే, తిండి తిండే."

ఆ మాట మీద నిలబడ్డాడు కూడా. చారుమతి బతుకు మాత్రం రెండు పడవల మీద కాళ్ళయింది. క్లాసు జరిగినంతసేపూ మొసలి పక్కన నోరు మూసుకుని నిలబడాలి. క్లాసు ముగిసీ ముగియగానే చెట్టెక్కి అదే మొసలిని చూసి అరవాలి. గంభీరయ్య ఏమీ అనుకునేవాడు కాదు. "ఉద్యోగ ధర్మం," అని మునిగిపోయేవాడు.

ఆ మొసలికి ఆ విద్య అబ్బినట్టు ఎవరికీ అబ్బలేదు. అతను తల తిప్పితే, తిప్పుతున్నాడని తెలిసేసరికి తిప్పడం అయిపోయేది. కప్పలు అతని వీపు మీదికెక్కి కాపురాలు పెట్టే ఆలోచన చేశాయి. తాను నిద్రలో కూడా అంత బాగా చేయనని కుంభేశమే ఒప్పుకున్నాడు.

చారుమతి పట్టు వదల్లేదు. చెట్టు పోతే పిల్లలు ఏమవుతారన్న భయం వెనక నుంచి తరుముతుంటే నిదానం నేర్చుకోవడం ఎంత కష్టమో అది నేర్చుకున్నవాళ్ళకే తెలుసు. కొమ్మ మీద సాధన చేసేది. కాయ ఒలుస్తూ చేసేది. పిల్లలకి పాలిస్తూ ఊపిరి సాధన చేసేది, ఆ ఊపిరికి పిల్లలు నిద్రపోతే సంతోషించేది. ఒకరోజు కొమ్మ ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి, ఇంకా పొద్దెక్కలేదేమిటా అని చూస్తే నడినెత్తిన సూర్యుడున్నాడు. తోక కూడా, పోనీలే పాపం అన్నట్టు, అప్పుడప్పుడు వినసాగింది.

అప్పుడు ఒక చిత్రం జరిగింది. ఆకు రాలింది. చారుమతి అరవలేదు. రాలుతున్న ఆకు చాలాసేపు ఆకులాగే కనిపించింది. దుంగ కదిలింది. అలకి కదిలిన దుంగ వేరు, అల లేకుండా కదిలిన దుంగ వేరు అని తెలిసింది. ఇన్నాళ్ళూ తాను చూడకముందే అరిచేదాన్నని, ఇప్పుడు అరిచేముందు చూస్తున్నానని టీచరుతో చెప్పింది.

"నిదానం అంటే నిద్ర కాదు మరి," అంది ధవళ టీచరు, ఒక చేపని అంతే నిదానంగా మింగుతూ. "నా కాళ్ళ చుట్టూ తిరిగే చేపలు కూడా నేను నిద్రపోతున్నాననే అనుకుంటాయి. ఒక్క సంగతి గుర్తుపెట్టుకో. ఖాళీ కాలు ఎటైనా తిరుగుతుంది, దాన్ని నమ్మకు. బరువు మోసే కాలు చూడు. ఎవరు ఎటు దూకబోతున్నారో అదే చెప్పేస్తుంది."

సభ బండ మీద ఇప్పుడు మధ్యాహ్నాలు హాయిగా గడుస్తున్నాయి. కానీ అధ్యక్షులవారికి నిద్ర పట్టడం లేదు. అరిచే ఉడుతని తీసేయడానికి పెట్టిన పరీక్ష, ఉడుత అరవడం మానేశాక ఎందుకు పెడుతున్నట్టో ఆయనకే అర్థం కాలేదు. ఆ మాట ఇంట్లో అంటే, భార్య తేనెపట్టు వంకా అటక వంకా చూసింది. పరీక్ష అలాగే ఉంచేశారు.

పడమట మబ్బు కనిపించిన పొద్దున పరీక్ష పెట్టారు. అడవంతా ఒడ్డున చేరింది. టీచరు రెక్క ఎత్తింది, దించింది. మొదలు.

కుందేలు చెవి గోక్కుని ముందే పోయింది. కోతులు, ఎవరు ముందు కదులుతారో చూద్దామని ఒకదాన్నొకటి చూసుకుని నవ్వి, గుంపుగా పోయాయి. నెమలి తన నీడ నీళ్ళలో బాగుందా లేదా అని వంగి చూసుకుంది. కాసేపటికి నీళ్ళలో మిగిలింది ముగ్గురే. ఈ చివర చారుమతి, ఆ చివర గంభీరయ్య, నడుమ కుంభేశం.

కుంభేశం చెయ్యి సగం పైకెత్తి, అక్కడే నిద్రపోయాడు. ఒడ్డున రోమేశ్వరరావు గారు దండ పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. అడవంతా మాత్రం మొసలినే చూస్తోంది. అతను పాము కిందికి జారే భంగిమలో ఉన్నాడు. ఎంత అందంగా జారుతున్నాడంటే, అసలు జారుతున్నాడా లేదా అని పందేలు కాస్తున్నారు.

జారుతున్నాడు. చారుమతికి తెలుస్తోంది. పాదాలు అక్కడే ఉంచి, ఊపిరికొక వేలెడు, ఒళ్ళు మాత్రం కుంభేశం వైపు.

భంగిమలో తప్పు లేదు. ముందు కాలు గాలిలో ఆకులా తేలుతోంది. చారుమతి ఆ కాలు చూడలేదు. వెనక కాలు చూసింది. బరువంతా అక్కడుంది. తోక మొదట్లో ఉంది. లాగిపెట్టిన వింటి నారిలా ఉంది.

అరిస్తే పరీక్ష పోతుంది. ఉద్యోగం పోతుంది. చెట్టు పోతుంది. పిల్లలు నిన్ననే కళ్ళు తెరిచారు. అరవకపోతే పోయేది కుంభేశం ఒక్కడు. తన ఉద్యోగానికి ఎసరు పెట్టిన కుంభేశం. అసలు తాను అరవకూడదని అడవి సభే ఆజ్ఞ వేసింది కదా. ఆజ్ఞ ప్రకారం నోరు మూసుకుంటే ఎవరూ తప్పు పట్టరు. దండ పట్టుకున్న బావగారు కూడా పట్టలేరు. ఉడుత బుర్ర చిన్నది, అందులో చెడ్డ ఆలోచన పట్టడానికి కూడా చోటు తక్కువ. అయినా ఒక్క ఊపిరి పట్టింది. ఆ ఊపిరిని చారుమతి, నేర్చుకున్న ప్రకారం, నిదానంగా వదిలేసింది.

తర్వాత కూత పెట్టింది. ఒక్కటే కూత. ఇదివరకటి గోల కాదు. చెవిలో సూటిగా దిగే కూత.

కుంభేశం పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక్క ఉదుటున లేచాడు. గాల్లోకి ఎగిరి బావగారి ఒళ్ళో పడ్డాడు. అతను నిలబడిన చోట మొసలి దవడలు చప్పుడు లేకుండా మూసుకున్నాయి. వాటి మధ్య చిక్కింది బావగారి చేతిలోంచి జారిన దండ.

గంభీరయ్య అదే భంగిమలో ఉన్నాడు, నోట్లో బంతిపూలతో.

"క్లాసులో ముట్టనని మాట ఇచ్చావు కదయ్యా," అన్నారు అధ్యక్షులవారు.

"క్లాసులో ముట్టలేదండీ. ఇది పరీక్ష," అన్నాడు మొసలి, పూలు పక్కకి ఊసి. "అయినా పెదవి కదిపానేమో గానీ పాదం కదిపానా? టీచరుగారినే అడగండి."

ధవళ టీచరు అబద్ధం ఆడదు. చేపల విషయంలో తప్ప. పాదం కదల్లేదని చెప్పింది. ఇక లెక్క తేలిపోయింది. ఉడుత చప్పుడు చేసింది, అనర్హురాలు. కుంభేశం తొందరపడ్డాడు, అడవి చరిత్రలోనే అంత తొందర ఎవరూ పడలేదు, అనర్హుడు. మిగిలినవాడు ఒక్కడు. తీర్పుకి తిరుగులేదు. తిరుగులేదని చేర్పించింది ఎవరో అధ్యక్షులవారికి బాగా గుర్తుంది.

ఆ విధంగా, మొసలి వస్తే కూత పెట్టే ఉద్యోగం మొసలికి వచ్చింది.

గంభీరయ్య ఉద్యోగాన్ని నిష్ఠగా చేశాడు. రోజూ పొద్దున్నే మడుగు నలుమూలలా ఈది, ఎక్కడా మొసలి జాడ లేదని సభకి విన్నవించేవాడు. తొలకరి మబ్బు ఊరించి వెళ్ళిపోయింది. నీళ్ళ దగ్గరికి ఎవ్వరూ పోలేదు. క్వార్టర్స్ మాత్రం అతను ఎక్కలేకపోయాడు. నీడ చాలు, పైభాగం చెల్లెమ్మనే ఉండనివ్వండి అని పెద్దమనసు చేసుకున్నాడు. అలా ఉండటం అక్రమమని సభ తేల్చింది. ఖాళీ చేయించడానికి చెట్టు దాకా ఎవరు వెళ్ళాలన్నది తేలలేదు. చెట్టు కింద మొసలి ఉంది కదా. అయినా చారుమతి పగలంతా పిల్లల్ని ఎటు చేర్చాలా అని పక్క కొమ్మల వంక చూస్తూనే ఉంది.

రెండో రోజు దాటేసరికి పెద్దల నాలుకలు పిడచకట్టాయి. మూడో పొద్దున రోమేశ్వరరావు గారు బండ మీదనుంచి మద్దిచెట్టు కొమ్మల వంక తల ఎత్తారు. వెనకాల కుంభేశం.

"అమ్మాయ్ చారుమతీ, మొసలి వస్తే ఒక్క కూత పెట్టమ్మా. అడవంతా నీళ్ళు తాగుతుంది."

"నాకు ఉద్యోగం లేదు కదండీ."

"ఇస్తాం. తీర్పు మార్చలేం, అది తిరుగులేనిది. కొత్త ఉద్యోగం పుట్టించాం. రేవు కూత ఉద్యోగి మీద పర్యవేక్షకురాలు. ఆ ఉద్యోగి ఎక్కడున్నాడో, ఎటు వస్తున్నాడో కనిపెట్టి ఎప్పటికప్పుడు అరిచి చెప్పాలి. చెట్టు నీదే. పిల్లలు పెద్దయ్యాక కూడా."

"ఒప్పుకో అక్కా," అన్నాడు కుంభేశం. "నాకు ఉద్యోగం వద్దని బావకి ఒట్టేసి చెప్పాను. నీ కూత నా చెవిలో ఇంకా మోగుతోంది. నిద్ర సరిగ్గా పట్టడం లేదు గానీ, బతికుండి పట్టకపోవడంలో కూడా ఒక సుఖముంది."

చారుమతి తొర్రలోకి తొంగి చూసింది. పిల్లలు కొత్త కళ్ళతో ఆకుల్ని చూస్తున్నారు. వాళ్ళ తోకలు టపటపలాడుతున్నాయి. కొమ్మ చివరికి వచ్చింది. పాదాలు సర్దుకుంది. ఒక చెయ్యి ఎత్తడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"ఆలోచిస్తున్నానండీ. నిబ్బరం లేని కూత కూతే కాదని తమరే అన్నారు."

పిచ్చుక తోక పట్టుకుంది. అంటే, ఆకు తోక. కోతిని వెనక్కి నెట్టింది. పులిని ఎత్తుకుని కొండకి బయల్దేరింది, పులి బరువైనది కాబట్టి మధ్యలో కాసేపు ఆగింది. కింద అధ్యక్షులవారు పొడి నాలుకతో పెదాలు తడుముకుంటూ, ఒక కాలి మీద బరువు రెండో కాలి మీదికి మారుస్తూ నిలబడ్డారు. తనకి తెలియకుండానే చక్కగా వంపుతున్నారని, ఒక్క చుక్క తొణకడం లేదని ధవళ టీచరు మెచ్చుకుంది.

చివరి భంగిమ ముగించి, నీళ్ళ వంక బాగా చూసి, గంభీరయ్య వెనక కాలి మీద బరువు లేదని రూఢి చేసుకుని, చారుమతి నెమ్మదిగా తల ఊపింది. అడవి నీళ్ళు తాగింది.

ఇప్పటికీ ఆ మడుగులో పొద్దున్నే క్లాసు నడుస్తూనే ఉంది. గంభీరయ్య ఒక్కరోజు కూడా మానలేదు, మోకాళ్ళ నొప్పులు నిజమేనట. పరీక్షలు మాత్రం పెట్టడం లేదు.

నీతి: నిదానమే ప్రధానం, కాకపోతే పక్కవాడు ఎందుకంత నిదానంగా ఉన్నాడో మాత్రం కాస్త త్వరగా తెలుసుకోవాలి.